డి.పి. ముద్ర ఉన్న తుపాకీకి లైసెన్సు అక్కర్లేదా?

ప్రశ్న: మా నాన్నగారు కోనసీమలోని ఒక హైస్కూలులో డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు, ఎన్.సి.సి. కూడా చూసేవారు. ఆయన పోయాక సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీద చెక్కపెట్టె దొరికింది. అందులో డి.పి. (డ్రిల్ పర్పస్) అని ముద్ర ఉన్న పాత సైనిక రైఫిలు, ఒక కర్ర తుపాకీ, గురి నేర్పే చిల్లుబిళ్ల, ముక్కాలి స్టాండు, ఒక డబ్బాలో ఇత్తడి తూటాలు ఉన్నాయి. రైఫిలు గొట్టానికి చిల్లు ఉంది. పోలీసు, ఆర్మీ ఉద్యోగాలకు కుర్రాళ్లను తయారుచేసే నేను వీటిని డ్రిల్లుకు వాడుకోవచ్చా? చిల్లు పూడ్చి పిట్టల్ని బెదిరించడానికి పనికొచ్చేలా చేస్తానని తెలిసిన లేతు పనివాడు అంటున్నాడు. రాజమండ్రి నుంచి ఒక పాత వస్తువుల వ్యాపారి, ఇది పురావస్తువే అంటూ బేరానికి వచ్చాడు. వాటాల దగ్గర పేచీపడ్డ మా అన్నయ్య పోలీసులకు చెబుతానని బెదిరిస్తున్నాడు. ఇన్నేళ్లయ్యాక కేసు నిలుస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో సింహభాగం నాన్నగారి క్రమశిక్షణకూ, అన్నయ్యగారి కక్షకూ పోయింది. ఆ రెండూ ఈ కేసును అటూ ఇటూ కదిలించవు. దీన్ని తేల్చేది ఒకే ఒక ప్రశ్న: ఆ రైఫిలును బాగుచేస్తే పేలుతుందా, పేలదా? దాని గురించి మీరు రాసింది మాత్రం గొట్టానికి చిల్లు ఉందన్న ఒక్క ముక్క.

1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 45(సి) కాలం చెల్లిన నమూనా ఆయుధాలకూ, పురాతన విలువ గలవాటికీ, పాడైపోయినవాటికీ మినహాయింపు ఇస్తూనే గట్టి షరతు పెట్టింది. మరమ్మతు చేసినా, చేయకపోయినా అది తుపాకీగా పనికిరానిదై ఉండాలి. ఇప్పుడు పేలదంటే చాలదు, బాగుచేసినా పేలకూడదు. ఆ సంగతి రుజువు చేసుకోవలసిన భారం మినహాయింపు కోరే మీ మీదే ఉంటుంది. చిల్లు పూడ్చి పనికొచ్చేలా చేస్తానన్న లేతు పనివాడి మాట మీకు ఎదురు సాక్ష్యం, దాన్ని మీరే కాగితం మీద పెట్టారు.

డి.పి. ముద్ర, ఆ రైఫిలును కాల్పుల నుంచి తప్పించి కవాతుకు కేటాయించారని మాత్రమే చెబుతుంది. కేటాయించేటప్పుడు ఏం చేశారన్నది తుపాకీ తుపాకీకీ మారుతుంది. కొన్నింటికి తూటా కూర్చునే గదికి అడ్డంగా రంధ్రం పొడిచి, తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను కోసి, తూటాను గదిలోకి నెట్టి మూసే బోల్టు ముఖాన్ని పూడ్చేవారు. మరికొన్నింటికి అరిగిపోయాయన్న కారణంతో ముద్ర కొట్టి, కర్ర మీద తెల్లపట్టీ పూసి ఊరుకునేవారు. మీరు పంపిన ఫొటోలో బోల్టు పిడి కింద, వెనక కర్ర మొదలయ్యే చోట ఉన్న లోహపు పట్టీ మీద కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ., ఇషాపూర్, 1943 అన్న అక్షరాలు చదవగలిగాను. అంటే బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన .303 లీ ఎన్‌ఫీల్డ్. అయితే ఇదే రకం రైఫిళ్లను కాపలా పనికి .410 బోరుకూ (బోరంటే గొట్టం లోపలి వ్యాసం), గురి నేర్పడానికి .22కూ మార్చిన సందర్భాలున్నాయి. 1960ల్లో అదే ఫ్యాక్టరీ ఇదే ఆకారంలో 7.62 బోరుకు కూడా కొత్తగా చేసింది. కాబట్టి పైరూపం చూసి బోరు చెప్పలేం, కొలవాలి. .303, 7.62 అయితే ఆయుధ నియమావళి మొదటి షెడ్యూలులోని ఒకటో కేటగిరీ కిందికి వస్తుంది, కలెక్టరు గారు ఇచ్చే మామూలు లైసెన్సుతో తీరే పని కాదు. .22 అయితే శిక్షణదే కదా, డమ్మీయే కదా అనుకుంటారేమో. ఎన్.సి.సి. పిల్లలు రేంజిలో నిజంగా కాల్చేది .22 రైఫిలుతోనే, అదీ లైసెన్సు కావలసిన తుపాకీయే. వ్యాపారి చెప్పిన పురావస్తువు వాదం కూడా నిలవదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువుకు నూరేళ్లు నిండాలి, 1943 నాటి దానికి నిండలేదు.

ఇక ఇన్నేళ్లయ్యాక అన్న మీ వాదం సంగతి. ఆయుధం దగ్గర పెట్టుకోవడం ఒక్క రోజుతో ముగిసే నేరం కాదు, అది మీ దగ్గర ఉన్నన్నాళ్లూ సాగే నేరం. పైగా లైసెన్సు లేని తుపాకీకి గరిష్ఠ శిక్ష మూడేళ్లుగా ఉన్న కాలంలో మూడేళ్ల కాలపరిమితి గురించి వాదించడానికైనా చోటు ఉండేది. 2019 సవరణ ఆ శిక్షను కనీసం రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లుగా పెంచింది, మూడేళ్లు దాటిన శిక్ష ఉన్న నేరాలకు, పాత సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 514 కాలపరిమితి వర్తించదు. ఆ తలుపు మూసుకుపోయింది.

మీకు అనుకూలమైన అంశం వేరే ఉంది. తెలిసి దగ్గర పెట్టుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులోనూ, 1994లో సంజయ్ దత్ కేసులోనూ చెప్పింది. పెట్టెలో ఏముందో తెలియని రోజులకు మీరు జవాబుదారీ కారు. మీ లెక్క పెట్టె తెరిచిన రోజు మొదలవుతుంది. ఆ రోజు మీరేం చేశారు? రైఫిలు భుజాన పెట్టుకుని ఫొటో దిగి, కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. తేదీతో సహా ఆ సాక్ష్యం మీ అన్నయ్యగారి ఫోనులో ఉంది. దొరికింది సంక్రాంతికి, మీ ఉత్తరం నాకు అందింది ఆషాఢంలో. ఉంచుకోవడం చట్టబద్ధం కాని ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించాలని ఆయుధాల చట్టం సెక్షన్ 21 చెబుతోంది. చదువుకున్నవారు, రేపు పోలీసులు కాబోయే పిల్లలకు పాఠాలు చెప్పేవారు, ఇన్ని నెలలు దాన్ని మంచం కింద పెట్టుకుని బేరాలు వినడం క్షమించదగిన అజాగ్రత్త కాదు.

లేతు పనివాడి ప్రస్తావన మళ్లీ మీ ఇంట్లో రాకూడదు. లైసెన్సు లేకుండా తుపాకీని మరమ్మతు చేయడం, మార్చడం, అమ్మడం సెక్షన్ 5 కింద నిషిద్ధం. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా ఉంది. దగ్గర ఉంచుకున్నందుకు పడే శిక్షకూ దీనికీ ఉన్న తేడా చూడండి. వ్యాపారికి అమ్మినా ఇదే సెక్షను. రాత్రికి రాత్రి కాలువలో పారేయమని మీ బావమరిది ఇచ్చిన సలహా మరీ అన్యాయం. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపినప్పుడు పూడిక తీసేవారికి అది దొరుకుతుంది, ఫొటో ఇప్పటికే ఉంది, సాక్ష్యం మాయం చేశారన్న నేరం అదనంగా చుట్టుకుంటుంది.

చేయవలసిన పని ఇది. పెట్టె దొరికిన తేదీ, ఎవరి సమక్షంలో దొరికింది, రైఫిలు మీద ఏ అక్షరాలు, అంకెలు ఉన్నాయి, తూటాలు ఎన్ని, ఇవన్నీ రాసి స్టేషను హౌస్ ఆఫీసరు గారికి రెండు ప్రతుల్లో అర్జీ ఇవ్వండి. జాప్యాన్ని దాచకుండా, డి.పి. ముద్ర చూసి డమ్మీ అనుకున్నానని ఉన్నదున్నట్టు రాయండి. రైఫిలును బండి మీద పెట్టుకుని మీరు తీసుకెళ్లవద్దు. వారినే ఇంటికి రమ్మని, వి.ఆర్.ఓ. సమక్షంలో మధ్యవర్తుల నివేదిక రాయించి అప్పగించండి. మీ ప్రతి మీద స్టేషను ముద్ర, జనరల్ డైరీ నంబరు లేకుండా కదలవద్దు, నకళ్లు ఎస్పీ గారికీ, కలెక్టరు గారికీ స్పీడు పోస్టులో పంపండి. లైసెన్సు లేకుండా ఉంచుకున్నారన్న కేసుకు సెక్షన్ 39 కింద జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి, ఈ కాగితం బలం తెలిసేది అక్కడే. అదే అర్జీలో రైఫిలును ఆయుధ నిపుణుడి చేత పరీక్ష చేయించి, సెక్షన్ 45(సి) కిందికి వస్తుందో లేదో నివేదిక ఇప్పించమని కోరండి.

తూటాలను పట్టుకారుతో పీకి చూడవద్దు. పక్కన గాడులు పడి ఎర్రరంగు ఉన్నవి డ్రిల్లు తూటాలు కావచ్చు గానీ, వాటి మధ్య ఒక్క అసలుది కలిసినా పరీక్ష మీ అరచేతిలో జరుగుతుంది. బోల్టు విడిగా తీసి దాచుకుంటే చిన్న భాగమే కదా అన్న వాదన చేసే ధైర్యం నాకు లేదు.

రైఫిలు ఎవరిదన్న ప్రశ్న కూడా వస్తుంది. ఎన్.సి.సి. స్టాకైతే అది సర్కారు సొత్తు, మీ వాటాల్లోకి రాదు. స్కూలు హెడ్మాస్టరు గారికీ, బెటాలియన్ కార్యాలయానికీ సమాచార హక్కు కింద అర్జీ పెట్టి, ఆ స్కూలుకు ఇచ్చిన ఆయుధాల రిజిస్టరు నకలు, కొట్టివేత ఉత్తర్వు అడగండి. జవాబుకు 30 రోజులు గడువు. 1996 తుపానులో రికార్డు పోయిందంటే ఆ మాటే రాతపూర్వకంగా తీసుకోండి. నాన్నగారి రిటైర్మెంటు కాగితాల్లో బాకీ లేదన్న ధ్రువపత్రం ఉంటే వెతికి జత చేయండి.

కర్ర తుపాకీ, చిల్లుబిళ్ల, స్టాండు మీ దగ్గరే ఉండవచ్చు. వడ్రంగి చేత కర్ర తుపాకీకి ముందూ వెనకా గురి పెట్టించి స్టాండు మీద నిలిపితే, శిష్యుడు బిళ్ల చిల్లుకు గురిపెడుతుంటే మీరు అవతలి నుంచి అదే చిల్లులో కన్ను పెట్టి అతని తప్పు పట్టుకోవచ్చు. ఆ బిళ్ల చేసినదే అందుకు. శిక్షణ మైదానం దాటి తీర్థాలకూ, ఊరేగింపులకూ ఆ కర్ర తుపాకీని తీసుకెళ్లవద్దు.

మీ అర్జీ కంటే ముందు అన్నయ్యగారి ఫిర్యాదు చేరిందని తెలిస్తే, స్టేషనుకు వెళ్లేలోపే స్థానిక న్యాయవాది ద్వారా నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 482 కింద ముందస్తు బెయిలు పిటిషను సిద్ధం చేయించుకుని, అప్పుడు కూడా ఆ రైఫిలును అప్పగించండి.