కుర్చీ ఇస్తారట, ఓటు ఇవ్వరట

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఊరు. మా గ్రంథాలయ సంఘం 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నడుస్తోంది. కార్యవర్గంలోకి రావాలంటే 40 ఏళ్లు నిండాలని బైలాలో ఉందట. చందా కట్టేవాళ్లలో ఎక్కువమందిమి ముప్పై లోపు వాళ్లమే. అడిగితే 'ప్రత్యేక ఆహ్వానితులుగా వచ్చి కూర్చోండి' అంటున్నారు. ఇది వివక్ష కాదా? కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. కానీ 'వివక్ష' అనే మాట పట్టుకుని కోర్టుకెళితే చేతి చమురు వదలడమే. రాజ్యాంగం 15వ అధికరణ ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది. అందులో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి గానీ వయసు లేదు. పార్సీలకే సభ్యత్వమన్న అహ్మదాబాద్ గృహనిర్మాణ సంఘం బైలానే సుప్రీంకోర్టు 2005లో నిలబెట్టింది. మీ 40 ఏళ్ల నిబంధనను కొట్టేస్తుందని ఆశ పెట్టుకోకండి.

అయితే బైలా రాసుకున్నది సభ్యులే, మార్చుకోవాల్సిందీ సభ్యులే. ముందు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి బైలా సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. పెద్దలు నోటితో చెప్పే బైలా, కాగితం మీది బైలా వేరువేరుగా ఉండటం నేను చూశాను. ప్రత్యేక సర్వసభ్య సమావేశం అడగడానికి ఎంతమంది సంతకాలు కావాలో, సవరణకు ఎంత మెజారిటీ కావాలో అందులోనే చూడండి. ఎజెండాలో 'యువతకు అవకాశం' అని రాయొద్దు. ఫలానా నిబంధనలో '40 ఏళ్లు' తీసేసి '18 ఏళ్లు' చేర్చాలని రాయండి.

హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న సభ్యులు సంక్రాంతికి ఎలాగూ వస్తారు. సమావేశం అప్పుడు పెట్టించండి. కనుమ నాడు మాత్రం వద్దు, అందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోతే కోరం ఉండదు! తీర్మానం నెగ్గాక సవరణను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయించే దాకా వదలకండి.

ప్రత్యేక ఆహ్వానితుడంటే టీ తాగి వచ్చే మనిషే. ఓటుండదు, చెక్కు మీద సంతకముండదు. దానికి రాజీపడొద్దు. సంతకం చేతికొచ్చాక లెక్కల బాధ్యత కూడా మీ మెడకే, అది మరవకండి.

సమావేశం పెట్టకుండా నానబెడితే అప్పుడు కోర్టు. మీ సొసైటీల చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం ఏ సభ్యుడైనా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు, లేదా మధ్యవర్తిత్వానికి వెళ్లొచ్చు.

చందా రసీదులు ఇప్పుడే వెతికి పెట్టుకోండి. ఓటింగ్ రోజున అవతలివాళ్లు మొదట అడిగేది అవే.