సూపర్‌ఛార్జర్ బిగించాక డిప్‌స్టిక్ పైకి లేస్తోంది

ప్రశ్న: మేము ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటాం. నా దగ్గర 1994 నాటి మాజ్దా మియాటా ఉంది, 1.8 లీటర్ల ఇంజిన్. దానికి రూట్స్ రకం సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు) బిగించాను. గేజ్ 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో గాలి ఒత్తిడి) వరకు చూపిస్తుంది. అప్పటి నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) పైకి లేస్తోంది, ఇంజిన్ వెనుక ఆయిల్ చెమ్మ కనబడుతోంది. వాల్వ్ కవర్ మీది రెండు గొట్టాలూ తీసేసి చిన్న ఫిల్టర్లు పెట్టమని మిత్రుడు అంటున్నాడు. పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. ఇంజిన్ వెనుక ఆయిల్ కారకుండా ఆపే సీలు మార్చే పనీ అప్పుడే మొదలుపెట్టకండి. డిప్‌స్టిక్‌ను లేపుతున్న ఒత్తిడే సీలు అంచు దాటించి ఆయిల్‌ను బయటికి నెడుతూ ఉండవచ్చు. ఆ ఒత్తిడి తగ్గకుండా కొత్త సీలు వేస్తే అదీ కారుతుంది.

పిస్టన్ రింగులు ఎంత మంచివైనా, మండిన వాయువు కొంత వాటిని దాటి క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ అడుగున క్రాంక్‌షాఫ్ట్ తిరిగే భాగం) దిగుతుంది. సూపర్‌ఛార్జర్ వచ్చాక ఇంకా ఎక్కువ దిగుతుంది. అది బయటపడటానికి మీ ఇంజిన్‌లో రెండు దారులున్నాయి. ఒకటి పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ వాయువును బయటికి వదిలే వాల్వ్) మీదుగా, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు పోతుంది. ఎగ్జాస్ట్ వైపున్న రెండోది, కంపెనీ అమరికలో, ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్‌కు (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు) పోయే పెద్ద గొట్టంలో కలుస్తుంది. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ మురికి వాయువును పీల్చుకుంటే, దాని స్థానంలోకి రెండో గొట్టం నుంచి శుభ్రమైన గాలి వస్తుంది. పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో పీల్చే శక్తి ఉండదు కనుక, వాయువు ఆ రెండో గొట్టంలోనే ఎదురు నడుస్తుంది.

ఇప్పుడు మీ మానిఫోల్డ్‌లో తొక్కినప్పుడల్లా 6 పీఎస్ఐ ఒత్తిడి ఉంటోంది. పీసీవీ వాల్వ్ గట్టిగా మూసుకోకపోతే అదంతా క్రాంక్‌కేస్ మీద పడుతుంది. ఆ వాల్వ్‌లో ఉండేది ఒక చిన్న స్ప్రింగు, ఒక ప్లంజర్. బ్యాక్‌ఫైర్ (మంట ఇన్‌టేక్‌లోకి వెనక్కి తన్నడం) వచ్చిన క్షణంలో మూసుకోవడానికి అది చాలు. కొండెక్కినంతసేపూ ఒత్తిడిని ఆపమంటే ఆపలేదు. తీసి ఊపి చూడండి, టకటకమని చప్పుడు రావాలి. మానిఫోల్డ్ వైపు కొసకు శుభ్రమైన గొట్టం ముక్క తగిలించి ఊదండి. నోటితో పీల్చవద్దు. ఊదిన గాలి ధారాళంగా అవతలికి పోతే మీ డిప్‌స్టిక్‌ను లేపుతున్నది అదే. కొత్త వాల్వ్ వేసి, దానికీ మానిఫోల్డ్‌కూ మధ్య మంచి చెక్ వాల్వ్ (ఒకే వైపుకు వదిలేది) ఒకటి బిగించండి. బ్రేక్ బూస్టర్ గొట్టాల్లో వాడే రకం పనికొస్తుంది. బాణం గుర్తు మానిఫోల్డ్ వైపు ఉండాలి.

నా అనుమానం రెండో గొట్టం మీద ఇంకా ఎక్కువ. సూపర్‌ఛార్జర్ బిగించేటప్పుడు పాత పెద్ద గొట్టం తీసేస్తే దీనికి చోటు పోతుంది, కనబడ్డ పైపుకు తగిలించేస్తారు. ఆ పైపు సూపర్‌ఛార్జర్ తర్వాతిదైతే ఇంజిన్‌లోకి మీరే గాలి కొడుతున్నట్టు. ఈ గొట్టం ఎయిర్ ఫిల్టర్, గాలిని కొలిచే సెన్సార్ రెండూ దాటాక, సూపర్‌ఛార్జర్‌కు ముందు కలవాలి. అక్కడ ఎప్పుడూ కొద్దిపాటి పీల్పు ఉంటుంది, ఇంజిన్ గాలి ఎక్కువ తాగేకొద్దీ అదీ పెరుగుతుంది. మీ అమరికలో థ్రాటిల్ కూడా సూపర్‌ఛార్జర్‌కు ముందే ఉంటే గొట్టం థ్రాటిల్‌కూ ముందే కలపండి. లేదంటే ఐడ్లింగ్‌లో ఆయిల్‌ను కూడా లాగేస్తుంది.

మీ మిత్రుడు చెప్పినట్టు చేసి మానిఫోల్డ్ రంధ్రం మూసేస్తే డిప్‌స్టిక్ లేవడం ఆగవచ్చు. కానీ లోపలి ఆవిరిని లాగేది ఏదీ మిగలదు. నీరు, మండని పెట్రోలు ఆయిల్‌లోనే చేరి బురద కడతాయి. ఎగ్జాస్ట్ వైపు ఫిల్టర్ నుంచి కారే ఆయిల్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. కాలుష్య నియంత్రణ పరికరాన్ని తీసేయడం అమెరికా ఫెడరల్ చట్టానికి విరుద్ధం కూడా. పీసీవీ ఉంచి రెండోదానికి మాత్రమే ఫిల్టర్ పెడితే, సెన్సార్ కొలవని గాలి లోపలికి చేరి ఐడ్లింగ్ తప్పుతుంది.

రెండో గొట్టంలో ఆయిల్‌ను పట్టే క్యాచ్ క్యాన్ పెట్టుకోండి. ఆయిల్ తుంపరలు పెట్రోలుతో కలిసి మండితే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) త్వరగా వస్తుంది, సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజిన్‌కు అది ప్రాణాంతకం. లోపల అడ్డుపలకలున్న క్యాన్ కొనండి, ఖాళీ డబ్బా ఆవిరిని పెద్దగా ఆపదు. మీ ఊరి చలికాలంలో అందులో నీరు, ఆయిల్ కలిసిన కాఫీ రంగు జిడ్డు చేరుతుంది. అది గడ్డకట్టి గొట్టం మూసుకుపోతే మళ్లీ డిప్‌స్టిక్ లేస్తుంది కనుక, ఆ నెలల్లో తరచుగా ఖాళీ చేయండి. గొట్టాలు ఆయిల్‌ను తట్టుకునే రకం కావాలి, హీటర్ గొట్టాలు ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. లోపలి వ్యాసాన్ని ఎక్కడా తగ్గించవద్దు.

ఇవన్నీ అయ్యాక, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి ఆ నోటి మీద పలుచని కాగితం పెట్టండి. లోపలికి అతుక్కుంటే పీసీవీ లాగుతున్నట్టే. తర్వాత గట్టిగా తొక్కి నడపండి. అప్పటికీ డిప్‌స్టిక్ లేస్తే సిలిండర్ల ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష, గాలి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్ష చేయించండి, తప్పు రింగుల్లో ఉండవచ్చు. డిప్‌స్టిక్ కదలకపోయినా వెనుక చెమ్మ వస్తుంటే, అప్పుడు సీలు మార్చండి.