మచ్చ మీద చెయ్యి పెట్టి చూడు, బిడ్డా

బిడ్డా,

ములుగులో చర్మ విభాగంలో చేరావని మీ నాన్న చెప్పిండు, సంతోషం. రోజంతా తామర, గజ్జి, మెడికల్ షాపు క్రీములు పూసుకుని పాడుచేసుకున్న ముఖాలే చూస్తావు. వాటి మధ్య ఎప్పుడో ఒకరు వేరే రకం మచ్చతో వస్తారు. రొమ్ము ఎముక మీదో, పక్కటెముకల మీదో ఎరుపు కలిసిన వంగపండు రంగు మచ్చ, మెల్లగా పెరుగుతూ, ఏ క్రీముకూ లొంగకుండా ఉంటుంది. దాన్ని కళ్ళతో చూసి మందు రాసెయ్యకు. చేత్తో నొక్కు. కింద ఎముక ఉబ్బిందా, నొప్పి ఉందా? చంకలో బిళ్ళలు తగులుతున్నాయా? ఉంటే ఈసాప్ సిండ్రోమ్ గుర్తుకు రావాలి. ఎముకలో ప్లాస్మా కణాల (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాల) క్యాన్సర్ గడ్డ ఉంటుంది, దాని పైన చర్మంలో రక్తనాళాలు పెరిగి ఆ మచ్చ వస్తుంది.

ఇక్కడ అందర్నీ మోసం చేసేది చర్మం బయాప్సీ. రక్తనాళాలు పెరిగాయి, చుట్టూ కొంత మ్యూసిన్ (జిగురులాంటి పదార్థం) ఉంది అని మాత్రమే వస్తుంది. గడ్డ కింద ఎముకలో ఉంటే చర్మం ముక్కలో ఎట్లా కనబడుతుంది? అందుకే బయాప్సీ ఫారం మీద ఎముక సంగతి కూడా రాయి. ఉత్త 'స్కిన్ లీజన్' అని రాసి పంపేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట.

రక్తంలోని ప్రొటీన్లను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష ఒక్కటే చేయించి నార్మల్ అని ఊరుకోకు. ఆ గడ్డ కణాలు వదిలే ఒకే రకం ప్రొటీన్, అంటే ఎం ప్రొటీన్, కొంచెమే ఉంటే అందులో దొరకకపోవచ్చు. కొంచెం ఉన్నా పట్టుకునే ఇమ్యూనోఫిక్సేషన్ పరీక్ష కూడా అడుగు. మచ్చ కింది ఎముకకు సీటీ తీయించు, మామూలు ఎక్స్‌రే మీద నమ్మకం పెట్టుకోకు. గడ్డ కనబడితే ముక్క తీయాల్సింది అక్కడి నుంచే.

ఇంకోటి. మన జిల్లాల్లో కాళ్ళు తిమ్మిరి, ఒంటి మీద నలుపు అనగానే మనసు కుష్ఠు వైపు పోతుంది. తప్పు కాదు, ముందు అది చూడాల్సిందే. కానీ మచ్చలో స్పర్శ బాగానే ఉండి, నరాలు లావెక్కకుండా, రెండు కాళ్ళలోనూ తిమ్మిరి, బలహీనత పాదాల నుంచి పైకి పాకుతుంటే పోయెమ్స్ సిండ్రోమ్ ఆలోచించు, ఇదీ ప్లాస్మా కణాల జబ్బే, నరాలను దెబ్బతీస్తుంది. ఒళ్ళు నల్లబడటం, వెంట్రుకలు ఒత్తుగా రావడం, తెల్లబడ్డ గోళ్ళు, కాళ్ళ వాపు చూసుకో. ఇందులో ఎక్కువగా దొరికేది లామ్డా రకం ఎం ప్రొటీన్, రక్తంలో వీఈజీఎఫ్ (రక్తనాళాలను పెంచే ప్రొటీన్) కూడా పెరుగుతుంది. ఈసాప్ ఉన్న కొందరికి ఇదీ తోడవుతుంది, కాబట్టి మచ్చ చూపించడానికి వచ్చినవాళ్ళను కాళ్ళ గురించి కూడా అడుగు.

ఒకటే గడ్డ అయితే చాలామందికి రేడియేషన్‌తో నయమవుతుంది, మచ్చ కూడా వెలిసిపోతుంది. ఇంటివాళ్ళను కూర్చోబెట్టి ఆ మాట ముందు చెప్పు, తర్వాతే క్యాన్సర్ అను. వరంగల్ ఎంజీఎంకైనా, హైదరాబాద్ నిమ్స్‌కైనా పంపేటప్పుడు ఫోటో, ఎలక్ట్రోఫోరెసిస్ రిపోర్టు, నీ అనుమానం రాసిన చీటీ చేతికివ్వు. లేదంటే అక్కడ మళ్ళీ తామర లైన్లోనే నిలబెడతారు.