టెక్ సందేహాలు: ప్రకటనలు లేని కార్టూన్ల కోసం ఏ పెట్టె పడితే ఆ పెట్టె కొనకండి

ప్రశ్న: మా పిల్లలకు ఆరేళ్లు, ఎనిమిదేళ్లు. చందా కట్టిన యాప్‌లోనూ ప్రకటనలు వస్తున్నాయి. చందా, ప్రకటనలు ఏవీ లేకుండా వేల కార్టూన్లు చూపించే టీవీ బాక్సు ఆన్‌లైన్‌లో కనిపించింది. కొనవచ్చా?

జవాబు: కొనకండి. ఇదే ప్రశ్న నాకు పదేపదే వస్తోంది. బ్యాంకు యాప్ విషయంలో వందసార్లు ఆలోచించే తల్లిదండ్రులు కూడా ‘పిల్లల కోసం’ అని రాసి ఉంటే చాలు, ఊరూ పేరూ లేని పరికరాన్ని ఇంటి వైఫైకి కలిపేస్తున్నారు.

ఇలాంటి బాక్సుల్లో కొన్ని మాల్‌వేర్‌తోనే, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్‌తోనే, ఇంటికి చేరుతున్నాయి. ఇలా మాల్‌వేర్ సోకిన పరికరాల నెట్‌వర్క్‌కు ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ అని పేరు. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది వీటి గురించే. బాక్సు మీ ఇంటి ఇంటర్నెట్‌ను నేరగాళ్లకు అడ్డదారిగా మారుస్తుంది. వాళ్లు ఎవరి ఖాతాలోకో చొరబడతారు, అక్కడ నమోదయ్యే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) మాత్రం మీది. తెరమీద కార్టూన్ మామూలుగానే నడుస్తుంటుంది కాబట్టి మీకు అనుమానమే రాదు. హానికర యాప్‌లను పట్టుకునే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపేయమని బాక్సు అడిగినా, యాప్‌లను ఎక్కడిదో తెలియని స్టోర్ నుంచి దించుకోమన్నా ఆ బాక్సును వెంటనే వైఫై నుంచి తీసేయండి. ఫ్యాక్టరీ రీసెట్‌ను నమ్ముకోవద్దు. మాల్‌వేర్ ఫర్మ్‌వేర్‌లోనే (పరికరంలో ముందే ఎక్కించే మూల సాఫ్ట్‌వేర్‌లోనే) ఉంటే రీసెట్ తర్వాతా అలాగే ఉంటుంది.

ఇక మీ యాప్ సంగతి. చాలా సంస్థలు ఇప్పుడు ప్రకటనలతో కూడిన చవక ప్లాన్ అమ్ముతున్నాయి. మీది అదేనేమో ఖాతా వివరాల్లో చూసుకోండి. మీ దేశంలో ప్రజాధనంతో నడిచే పిల్లల ఛానెల్ ఉంటే మొదట దాన్నే చూడండి. బ్రిటన్‌లో బీబీసీ 2002లో రెండు ఛానెళ్లు పెట్టింది: చిన్నవాళ్లకు సీబీబీస్, కాస్త పెద్దవాళ్లకు సీబీబీసీ. జర్మనీలో కికా 1997 నుంచి ఉంది. వీటిలో వాణిజ్య ప్రకటనలు ఉండవు. యూట్యూబ్ కిడ్స్‌లో మీరు ఆమోదించినవే కనిపించేలా పెట్టుకోవచ్చు, అప్పుడు పిల్లలు సొంతంగా వెతకలేరు. అయితే యూట్యూబ్ ప్రీమియం చందా లేకపోతే ప్రకటనలు వస్తాయి. పైగా బొమ్మల పెట్టెలు విప్పి చూపించే వీడియోలు ఆసాంతం ప్రకటనలే, వాటిని ఏ ప్రీమియమూ ఆపదు. ఛానెళ్లను మీరే చూసి ఎంచుకోవాలి.

నన్ను ఎక్కువగా బాధించేది స్మార్ట్ టీవీల తీరు. టీవీ ఆన్ చేయగానే హోమ్ తెరమీద పెద్దల సినిమా ట్రైలర్ దానంతటదే మొదలవుతుంది. పిల్లల ప్రొఫైల్‌కు చేరేలోపే రక్తపాతం చూడాల్సి వస్తుంది. డబ్బు పెట్టి కొన్న పరికరంలో ఇదేం పద్ధతి? ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ప్రకటన వెనుక ఉన్న అమ్మకపు ఉద్దేశాన్ని గ్రహించలేరని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నిపుణుల బృందం 2004లోనే చెప్పింది. కెనడాలోని క్యుబెక్‌లో పదమూడేళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలపై 1980 నుంచే నిషేధం ఉంది. టీవీలు రూపొందించేవారికి ఇవన్నీ తెలియవని నేను అనుకోను. సెట్టింగ్స్‌లో ట్రైలర్ల ఆటోప్లే ఆపే వీలుంటే ఈరోజే ఆపేయండి.

మరొకటి. పిల్లల ప్రొఫైల్ తయారుచేసి, పెద్దల ప్రొఫైల్‌ను తాళం లేకుండా వదిలేస్తున్నారు. రిమోట్‌లో రెండు బటన్లు నొక్కితే పిల్లలు అందులోకి వెళ్లిపోతారు. పిన్ పెట్టాల్సింది మీ ప్రొఫైల్‌కు. కార్డు వివరాలు ఆ ఖాతాలో ఉంటే కొనుగోళ్లకూ పిన్ పెట్టండి.