గాయపరచుకునే అమ్మాయికి మాటల వైద్యం పనిచేస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. స్నేహితురాలు ఫోను ఎత్తకపోయినా తట్టుకోలేక గది తలుపు వేసుకుని తనను తాను గాయపరచుకుంటోంది. సైకియాట్రిస్టు దీన్ని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని, ఏడాదిపాటు డీబీటీ చేయించమన్నారు. మావారేమో ఇదంతా మమ్మల్ని బెదిరించడానికే అంటున్నారు. మాటలతో ఇది తగ్గుతుందా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: బెదిరింపు అన్న మాటను మీవారు పక్కన పెట్టడం మంచిదమ్మా. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటే ఉద్వేగాలు అదుపు తప్పి, అయినవారు వదిలేస్తారన్న భయం వెంటాడే మానసిక సమస్య. ఇది ఉన్నవారిలో చాలామంది గాయాన్ని ఎవరి కంటా పడనివ్వరు. భరించలేని ఉద్వేగం నుంచి బయటపడే మరో దారి తెలియకే అలా చేస్తారు.

ఆ దారి నేర్పడమే డీబీటీ, అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ పని. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మార్షా లైన్‌హాన్ దీన్ని రూపొందించారు. 1991లో వెలువడిన తొలి పరిశోధనలో, ఏడాదిపాటు ఈ థెరపీ పొందిన స్త్రీలు మామూలు చికిత్స పొందినవారికన్నా తక్కువసార్లు స్వీయహానికి పాల్పడ్డారు. చిన్న వయసులో తానూ ఇదే బాధతో ఆసుపత్రిలో గడిపానని లైన్‌హాన్ 2011లో వెల్లడించారు.

మీ అమ్మాయి రోజూ ఒక కార్డులో ఉద్వేగాల తీవ్రతను అంకెల్లో రాయాలి. గాయపరచుకున్న వారం థెరపిస్టు మందలించరు; ముందురాత్రి నిద్ర లేకపోవడం, ఫోను ఎత్తకపోవడం, ‘నన్ను వదిలేసింది’ అనుకోవడం, తలుపు వేసుకోవడం, ఇలా ఒక్కొక్క లంకెనూ ఆమెతోనే చెప్పించి, ఎక్కడ ఏం చేసి ఉంటే ఆ గొలుసు తెగేదో ఇద్దరూ కలిసి వెతుకుతారు. అందుకు కావలసిన నేర్పును వారం వారం గ్రూపు క్లాసులో సాధన చేయిస్తారు.

గాయపరచుకోవాలనే కోరిక పుట్టినప్పుడు ఆమె థెరపిస్టుకు ఫోను చేయవచ్చు. గాయపరచుకున్నాక మాత్రం, ప్రాణాపాయం ఉంటే తప్ప, 24 గంటలపాటు ఆ సౌకర్యం ఉండదు. వినడానికి కఠినమే, కానీ సాయం గాయం తరువాత కాక ముందే అడగడం అలవాటు కావాలన్నది ఇందులోని ఉద్దేశం. ఇంట్లోనూ గాయానికి వైద్యం వెంటనే చేయించండి, అరుపులూ ఏడుపులూ వద్దు. ‘నాకు బాగాలేదు’ అని ఆమె నోరు తెరిచినప్పుడు మాత్రం చేతిలో పని వదిలి పక్కన కూర్చోండి.

ఈ సమస్యకే ప్రత్యేకించిన మందు లేదు. దిగులు, ఆందోళన వంటివాటికి ఇచ్చిన మందులను డాక్టరుకు చెప్పకుండా ఆపకండి. పూర్తిస్థాయి డీబీటీ బృందాలు మన దగ్గర తక్కువ కనుక, గ్రూపు క్లాసు, ఫోను సాయం ఉన్నాయా అని చేరేముందే అడగండి. చనిపోవాలనే మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరులో రాత్రింబవళ్లు తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.