మెడికల్‌లో ఆగిపోయిన తమ్ముడు, 1914 నాటి ఐర్లాండ్ కుర్రాళ్ళు

ప్రశ్న: సార్, మా తమ్ముడు రోజూ తెల్లారకముందే ఆర్కే బీచ్‌లో పరిగెత్తి ప్రాక్టీస్ చేశాడు, ఆర్మీ ర్యాలీలో రన్నింగ్ పాసయ్యాడు కానీ మెడికల్‌లో ఆపేశారు, అప్పట్నించీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐర్లాండ్ వాళ్ళు తమ ఇష్టంతోనే సైన్యంలో చేరేవారని చదివాను. మరి వాళ్ళకీ ఇంత మెడికల్ ఉండేదా?
— ఒక అక్క, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: ఉండేదమ్మా. అప్పటికి ఐర్లాండ్ బ్రిటన్ కిందే ఉంది, 1916లో బ్రిటన్‌లో నిర్బంధంగా సైన్యంలో చేర్చుకోవడం మొదలెట్టినా ఐర్లాండ్ జోలికి రాలేదు, 1918 ఏప్రిల్‌లో అక్కడా పెడదామని చట్టం చేశారు గానీ జనం సమ్మెకి దిగారు, చివరికి అది అమలే కాలేదు. అంటే అక్కడ కొత్తగా చేరినోళ్ళంతా తమంతట తాము వెళ్ళినవాళ్ళే. అయినా సరే బట్టలు విప్పి డాక్టర్ ముందు నిలబడాల్సిందే.

ఎత్తు, బరువు చూసేవారు, ఊపిరి నిండా పీల్చమని ఛాతీకి టేపు పెట్టి, వదిలితే ఎంత తేడా వస్తుందో అదీ రాసుకునేవారు, తర్వాత రెండు కళ్ళూ విడివిడిగా, చెవులు, గుండె, ఊపిరితిత్తులు, హెర్నియా, కాళ్ళలో నరాలు ఉబ్బడం, ఫ్లాట్ ఫుట్ అంటే అరికాలు వంపు లేకుండా చదునుగా ఉండడం. పళ్ళు పాడైతే మొదట్లో చాలామందిని వెనక్కి పంపేశారు, మనిషి కొరత వచ్చాక చేర్చుకుని పళ్ళు బాగుచేయించడం మొదలెట్టారు. ఫారంలో మశూచి టీకా మచ్చలు ఏ చేతి మీద ఎన్ని ఉన్నాయో, ఒంటి మీద గుర్తులేంటో కూడా రాసేవారు. వయసు దగ్గర మాత్రం చూడ్డానికి ఎంత ఉన్నట్టున్నాడో రాసుకునేవారు, బర్త్ సర్టిఫికెట్ అడిగేవారు కాదు, అందుకే వయసు చాలని పిల్లలు కూడా ఎక్కువ చెప్పి దూరిపోయారు, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మీ తమ్ముడికి తప్పకుండా చెప్పాల్సింది ఎత్తు సంగతి. 1914 ఆగస్టులో 5 అడుగుల 3 అంగుళాలుంటే చాలన్నారు. జనం విరగబడి వచ్చేశారు, సెప్టెంబర్ 3న ఒక్కరోజే బ్రిటన్, ఐర్లాండ్ కలిపి 33 వేలమందికి పైగా చేరారు, ఇవ్వడానికి యూనిఫాంల్లేవు, పడుకోడానికి బ్యారక్స్ చాల్లేదు. అందుకని సెప్టెంబర్ 11న హఠాత్తుగా 5 అడుగుల 6 అంగుళాలు చేసేశారు! అక్టోబర్‌లో 5.4కి దించారు, నవంబర్‌కి మళ్ళీ 5.3కే వచ్చారు. అంటే 5.4 ఉన్న కుర్రాడు ఆగస్టులో ఫిట్టు, సెప్టెంబర్ మధ్యలో అన్‌ఫిట్టు, నవంబర్‌లో మళ్ళీ ఫిట్టు. కుర్రాడు అదే కుర్రాడు కదమ్మా. ఇంకా పొట్టివాళ్ళని అయిదు అడుగులుంటే చాలని విడిగా బెటాలియన్లు పెట్టి మరీ తీసుకున్నారు.

అలాగని మెడికల్ అంతా ఉత్తదే అనడంలేదు, ఐర్లాండ్‌లోని పెద్ద ఊరు డబ్లిన్‌లో ఒక్కో గదిలో కుటుంబం మొత్తం బతికే రోజులవి, క్షయ బాగా ఉండేది, అలాంటి ఊపిరితిత్తులతో యుద్ధంలో తవ్వుకున్న కందకాల్లోకి (ట్రెంచ్‌లోకి) పంపితే మనిషి దక్కడు.

ఇక మీ తమ్ముడి విషయం. ఇచ్చిన స్లిప్ మీద అన్‌ఫిట్ అన్నది టెంపరరీ అని ఉందా పర్మనెంట్ అని ఉందా ముందు చూడండి, రివ్యూకి ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, ఎన్ని రోజుల్లో వెళ్ళాలో అందులో ఉంటే ఆ గడువు దాటనివ్వకండి, ఈలోపు బయట ఒక మంచి డాక్టర్‌కి చూపించండి. కారణం ఏం రాశారో మాకు రాసి పంపితే దాని గురించే వచ్చే సంచికలో వివరంగా చెప్తాను.