శబ్దం లేకపోయినా షిమ్ మార్చాలా?

ప్రశ్న: నా పాత నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బైక్ ఉదయం పూట ఎంతకీ స్టార్ట్ కావడం లేదు, వేడెక్కాక మాత్రం బాగానే నడుస్తోంది. వాల్వుల శబ్దం లేదు కనుక షిమ్‌లు (వాల్వు సందును సరిచేసే చిన్న లోహపు బిళ్లలు) ముట్టుకోనవసరం లేదని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: శబ్దం లేదని ధీమాగా ఉండకండి. వాల్వు, దాని సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి జరిగి, వాల్వును తెరిచే క్యామ్‌కూ, వాల్వు పైన బోర్లించిన గిన్నెలా ఉండే బకెట్‌కూ మధ్య సందు తగ్గుతుంది, సందు తగ్గితే శబ్దం రాదు; అది పూర్తిగా పోతే వాల్వు సరిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండర్‌లోని ఒత్తిడి) పడిపోయి, చల్లని ఇంజిన్ స్టార్ట్ కావడం కష్టమవుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని సీటుకు అందించలేక కాలిపోతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్‌తో (సన్నని కొలత రేకులతో) ప్రతి సందునూ కొలిపించండి. పాత షిమ్ మందానికి కొలిచిన సందును కలిపి, ఉండవలసిన సందును తీసివేస్తే కొత్త షిమ్ మందం వస్తుంది. ఉదాహరణకు మాన్యువల్‌లో హద్దు 0.11–0.20 మి.మీ. అని ఉండి, 2.70 షిమ్‌తో సందు 0.08 వస్తే, 0.15 కోసం 2.63 కావాలి, షిమ్‌లు సాధారణంగా 0.05 తేడాతో దొరుకుతాయి గనుక 2.60 వేయించండి. సందు 0.18 అవుతుంది, ఎలాగూ తగ్గేదే కనుక నేను సందు కాస్త ఎక్కువుండే వైపే మొగ్గుతాను.

పాత షిమ్ మీది అంకెను నమ్మక మైక్రోమీటర్‌తో కొలవాలి. షిమ్‌ను అరగదీసి సరిపెడతామంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి, గట్టిపరచిన పైపొర పోతుంది. షిమ్ కోసం విప్పిన క్యామ్‌లు బిగించి, టైమింగ్ గుర్తులు సరిచూసి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ కొలిచాకే స్టార్ట్ చేయాలి.